బారిడీహ్ ఆకాశానికి ఒక్క కన్ను చాలదు

2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే ఖగోళ పరిశోధన కేంద్రం కెమెరాల్లో ఆకాశం ఎర్రబారి కనిపించింది. ధ్రువాల దగ్గర కనిపించాల్సిన అరోరా ఛాయ మన దేశం దాకా రావడం చాలా అరుదు. 2003 తర్వాత భూమిని తాకిన అత్యంత తీవ్రమైన సౌర తుపాను అది. అమెరికాలో సరిగ్గా విత్తనాలు వేసే అదునులో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు గురి తప్పాయి. భారత్ మీద మాత్రం ప్రభావం తక్కువగానే ఉంది. తుపాను ప్రధాన తాకిడి తగిలింది మనకు తెల్లవారుజామున అనీ, ఆ వేళకు ఐనోస్ఫియర్ ఇంకా పూర్తిగా రూపుదిద్దుకోలేదనీ ఇస్రో అప్పట్లో వివరించింది. అంటే మనల్ని కాపాడింది మన సన్నద్ధత కాదు, గడియారం.

అదే తాకిడి సాయంత్రం చీకటి పడే వేళకు వచ్చి ఉంటే? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నగరంలో ఉన్న బారిడీహ్ లాంటి చోటు నుంచి మొదలుపెట్టడం మంచిది. ఉక్కు కర్మాగారం కొలువుల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డ నగరం అది. అయితే అంతరిక్ష వాతావరణం విషయంలో దాని ప్రత్యేకత నేల మీద లేదు, నెత్తిన ఉంది.

నెత్తిన ఉన్న ప్లాస్మా శిఖరం

భూమికి దాదాపు 80 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకా వ్యాపించిన పొర ఐనోస్ఫియర్. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు అక్కడి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడగొడతాయి. అలా విడివడిన ఎలక్ట్రాన్లు, అయాన్ల మిశ్రమమే ప్లాస్మా. ఈ ప్లాస్మా అన్నిచోట్లా ఒకేలా పరుచుకుని ఉండదు. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస దగ్గరగా పోతుంది. 1963లో తొలి రాకెట్ ప్రయోగానికి కేరళలోని తుంబాను ఎంచుకోవడానికి కారణం అదే. పగటిపూట ఆ రేఖ మీద విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం కలిసి ప్లాస్మాను పైకి ఎత్తుతాయి. పైకి లేచిన ప్లాస్మా ఫౌంటెన్ నీళ్లలాగా అయస్కాంత బలరేఖల వెంట ఇరువైపులా కిందికి జారుతుంది. చివరకు రేఖకు దాదాపు 15 డిగ్రీల దూరంలో రెండు వైపులా కుప్పపడుతుంది.

ఉత్తరం వైపు కుప్పపడే చోటు ఇంచుమించు అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతాల మీదుగా సాగుతుంది. భోపాల్‌కీ కోల్‌కతాకీ నడుమ, సుమారు 22.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న జంషెడ్‌పూర్ కూడా ఆ శిఖరం కిందికే వస్తుంది. దేశంలో ప్లాస్మా అత్యంత చిక్కగా ఉండే ఆకాశం ఇది. ఇక సూర్యాస్తమయం తర్వాత అసలు చిక్కు మొదలవుతుంది. భూమధ్యరేఖ మీద ఐనోస్ఫియర్ అడుగుభాగం పలచబడి, అక్కడి నుంచి ప్లాస్మా తక్కువగా ఉన్న ‘బుడగలు’ పైకి లేస్తాయి. అవి ఎంత ఎత్తుకు లేస్తే, బలరేఖల వెంట ఉత్తర దక్షిణాలకు అంత దూరం సాగుతాయి. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్లు ఈ బుడగలను ఏళ్లుగా గమనిస్తున్నాయి. గాదంకి మీద కనిపించిన బుడగ జంషెడ్‌పూర్ దాకా సాగుతుందా లేదా అన్నది అది ఎంత ఎత్తుకు లేచిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

బుడగ సాగి చిక్కటి ప్లాస్మాలోకి చొచ్చుకొస్తే దాని గుండా వచ్చే ఉపగ్రహ సంకేతం మిణుకుమిణుకుమంటుంది. ఫోన్‌లో దారి చూసుకునే వ్యక్తికి ఆ తేడా తెలియకపోవచ్చు. విమానాన్ని రన్‌వేకు దించే వ్యవస్థకు, సెంటీమీటర్ల లెక్కన భూమిని కొలిచే సర్వేకు మాత్రం అది చిన్న విషయం కాదు. విమానాల కోసం ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన ‘గగన్’ వ్యవస్థకు ఐనోస్ఫియర్ పొరపాట్లను సరిదిద్దడమే ప్రధానమైన పనుల్లో ఒకటి. సౌర తుపాను సాయంత్రం వేళ తగిలితే, ఆ బుడగలను పుట్టించే విద్యుత్ క్షేత్రం మరింత బలపడవచ్చు. మే 2024లో మనకు తప్పిన పరీక్ష అదే.

గుద్దుకోకుండానే శక్తి మారే లోకం

ఐనోస్ఫియర్ ఒక మేడకు కింది అంతస్తు అనుకుంటే, పై అంతస్తు అయస్కాంతావరణం. భూమి అయస్కాంత క్షేత్రం సౌరపవనాన్ని అడ్డుకుంటూ ఏర్పరచుకున్న గూడు అది. కింద జరిగే చాలా సంగతులకు ఆజ్ఞ పై నుంచే వస్తుంది. అక్కడ ప్లాస్మా ఎంత పలచగా ఉంటుందంటే, కణాలు ఒకదాన్నొకటి ఢీకొనడం దాదాపు ఉండదు. మన చుట్టూ ఉన్న గాలిలో వేడి, ధ్వని అన్నీ అణువులు గుద్దుకోవడం వల్లే ఒకచోటి నుంచి మరోచోటికి చేరతాయి. గుద్దుకోవడమే లేనిచోట ఒక కణం దగ్గరున్న శక్తి మరో కణానికి ఎలా చేరుతుంది? ఆ పని చేసే దళారులే ప్లాస్మా తరంగాలు.

ఈ తరంగాల జాడ మొదట దొరికింది చెవికే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో శత్రువుల టెలిఫోన్ మాటలు వినడానికి అమర్చిన యంపరికరాల్లో పై స్థాయి నుంచి కిందికి జారే ఈలలు వినిపించాయి. 1953లో కేంబ్రిడ్జ్ పరిశోధకుడు ఓవెన్ స్టోరీ ఆ గుట్టు విప్పాడు. మెరుపు పుట్టించిన రేడియో తరంగం అయస్కాంత బలరేఖ వెంట వేల కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, అవతలి అర్ధగోళంలో దిగుతుంది. ఆ దారిలో ఎక్కువ పౌనఃపున్యం ముందు, తక్కువది వెనుక చేరుతాయి కాబట్టి ఈలలా వినిపిస్తుంది. మన దేశంలో కూడా వారణాసి, నైనితాల్, గుల్మార్గ్‌లలో ఈ ఈలలను రికార్డు చేశారు.

వీటికి దగ్గర బంధువు ‘కోరస్’ అనే తరంగం. స్పీకర్‌కు కలిపి వింటే తెల్లవారుజామున పక్షుల కిలకిలలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. వినడానికి ముచ్చటగా ఉన్నా దాని పని అంత ముచ్చటైనది కాదు. ఊయల ఊగే లయకు సరిగ్గా తోస్తే ఊపు పెరిగినట్టే, బలరేఖ చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ లయకు ఈ తరంగం లయ కలిస్తే ఎలక్ట్రాన్ వేగం కాంతివేగానికి దగ్గరగా చేరుతుంది. అలాంటి ఎలక్ట్రాన్లు ఉపగ్రహం కవచాన్ని దాటి లోపలి ఇన్సులేషన్‌లో పోగుపడి, ఒక్కసారిగా మెరుపులా విడుదలవుతాయి. 1994 జనవరి 20న కెనడాకు చెందిన అనిక్-ఇ1, అనిక్-ఇ2 ఉపగ్రహాలు గంటల వ్యవధిలో అదుపు తప్పాయి. అనిక్-ఇ2ను తిరిగి దారికి తేవడానికి నెలలు పట్టింది. ఇన్సాట్, జీశాట్ ఉపగ్రహాలు తిరిగే 36 వేల కిలోమీటర్ల ఎత్తు కూడా ఈ ఎలక్ట్రాన్ల సీమలోనిదే.

కళింగపట్నంలో ఒక్కటే గాలి మీటరు ఉంటే

తరంగాలను కొలవడానికి ఒక ఉపగ్రహం పంపితే సరిపోదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. బంగాళాఖాతంలో తుపాను వచ్చినప్పుడు తీరం మొత్తానికి కళింగపట్నంలో ఒక్కటే గాలి మీటరు ఉందనుకోండి. రాత్రి పది గంటలకు గాలి ఉధృతి తగ్గింది. తుపాను బలహీనపడిందా? లేక బలం తగ్గకుండానే పక్కకు తప్పుకుందా? ఆ ఒక్క మీటరు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. విశాఖ, మచిలీపట్నం, గోపాల్‌పూర్‌ల లెక్కలు కూడా పక్కన పెడితేనే తుపాను నడక తెలుస్తుంది.

అంతరిక్షంలో ఇది ఇంకా పెద్ద చిక్కు, ఎందుకంటే అక్కడ మీటరే పరుగెడుతోంది. భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా దూసుకుపోతుంది. దాని యాంటెనాలో సంకేతం పెరిగి తగ్గితే, అక్కడ తరంగం పుట్టి చచ్చిందో, లేక ఎప్పటి నుంచో నిలకడగా ఉన్న ఒక నిర్మాణాన్ని ఉపగ్రహం దాటేసిందో ఒంటి కొలతతో తేలదు. కాలంలో మార్పూ స్థలంలో మార్పూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

రెండు ఉపగ్రహాలుంటే ఒక గీత వెంట తేడా తెలుస్తుంది. మూడుంటే ఒక తలం మీద తెలుస్తుంది. నాలుగింటిని నాలుగు మూలల పిరమిడ్‌లా నిలిపితే తరంగం ఏ దిశ నుంచి, ఎంత వేగంతో వచ్చిందో, దాని పొడవెంతో లెక్క కట్టవచ్చు. ఐరోపా అంతరిక్ష సంస్థ ‘క్లస్టర్’కు నాలుగు వ్యోమనౌకలు ఎంచుకోవడం వెనుక ఉన్న లెక్క ఇదే.

నాలుగు నౌకలు చెప్పిన సంగతులు

క్లస్టర్ కథ విషాదంతో మొదలైంది. 1996 జూన్ 4న తొలి ఏరియన్-5 రాకెట్ పేలిపోవడంతో నాలుగు నౌకలూ బూడిదయ్యాయి. మళ్లీ నాలుగింటిని తయారు చేసి 2000లో రెండు విడతలుగా ప్రయోగించారు. వాటికి రుంబా, సల్సా, సాంబా, టాంగో అని నాట్యాల పేర్లు పెట్టారు. కోరస్ తరంగాలు పుట్టే చోటు అడ్డంగా కొన్ని పదుల కిలోమీటర్ల నుంచి వంద కిలోమీటర్ల మేర మాత్రమే ఉంటుందని ఆ నాలుగింటి కొలతల్లో తేలింది. లక్షల కిలోమీటర్ల అయస్కాంతావరణంలో అది ఒక మండలమంత జాగా. ఒంటరి ఉపగ్రహానికి ఆ కొలత అంది ఉండేది కాదు.

2007లో నాసా పంపిన ఐదు నౌకల ‘థెమిస్’ మరో చిక్కుముడి విప్పింది. అరోరా ఒక్కసారిగా భగ్గుమనే ‘సబ్‌స్టార్మ్’ ఎక్కడ మొదలవుతుందన్నది దశాబ్దాల వివాదం. భూమికి దగ్గరగానా, దూరంగా అయస్కాంత తోకలోనా? ఏది ముందు, ఏది వెనుక అన్నదే అసలు ప్రశ్న కాబట్టి, ఒకే సమయంలో పలు చోట్ల నిలబడి చూస్తే తప్ప తేలదు. 2008 ఫిబ్రవరి 26న ఐదు నౌకలూ ఒకే వరుసలో ఉన్నప్పుడు ఒక సబ్‌స్టార్మ్ వచ్చింది. ఆ ఘటనలో దూరాన తోకలో బలరేఖలు తెగి తిరిగి అతుక్కోవడమే ముందు జరిగిందని తేలింది.

2012 ఆగస్టులో వెళ్లిన జంట వాన్ ఆలెన్ ప్రోబ్‌లు ఎలక్ట్రాన్లకు ఊపు ఎక్కడ దొరుకుతుందో చూపాయి. అవి బయటి నుంచి లోపలికి కొట్టుకొచ్చి వేగం పుంజుకున్నాయా, లేక రేడియేషన్ పట్టీ నడుమే తరంగాల వల్ల వేగం అందుకున్నాయా? రెండు నౌకలు ఒకే ప్రాంతాన్ని వేర్వేరు సమయాల్లో దాటుతూ తీసిన లెక్కలను పోల్చినప్పుడు పట్టీ నడుమ శిఖరం పెరుగుతూ కనిపించింది. 2012 అక్టోబర్ తుపానులో అక్కడికక్కడే వేగం పుట్టిందని దాంతో రుజువైంది.

2015 మార్చిలో వెళ్లిన ‘ఎంఎంఎస్’ నాలుగు నౌకలు ఒకదానికొకటి ఏడు కిలోమీటర్ల దగ్గరికి కూడా వచ్చి ఎగిరాయి. వాటి కొలతల ఆధారంగా 2018లో జపాన్ పరిశోధకులు ఒక అయాన్ గుంపు తరంగానికి శక్తి ఇవ్వడం, ఆ తరంగం మరో అయాన్ గుంపుకు శక్తి అందించడం నేరుగా లెక్కగట్టారు. దళారి రెండు చేతులా చేసే బేరం లెక్కల్లో పట్టుబడింది అప్పుడే.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. నాలుగు నౌకల పిరమిడ్ ఒకసారికి ఒకే పరిమాణాన్ని చూడగలదు. ఏడు కిలోమీటర్ల ఎడంలో ఎలక్ట్రాన్ల కథ తెలుస్తుంది, వేల కిలోమీటర్ల కథ తెలియదు. ఎడం పెంచితే చిన్నది జారిపోతుంది. ఇక ఎంఎంఎస్ తీసే అత్యంత వివరమైన సమాచారంలో కొద్ది శాతమే భూమికి దించగలరు. ఏ భాగం దించాలో రోజూ ఒక శాస్త్రవేత్త కూర్చుని ఎంపిక చేయాల్సిందే. అందుకే తర్వాతి ఆలోచనల్లో సంఖ్య పెరిగింది. ఐరోపా పరిశీలనలో ఉన్న ‘ప్లాస్మా అబ్జర్వేటరీ’కి ఏడు నౌకలు, నాసా ‘హీలియోస్వార్మ్’కు తొమ్మిది.

ఆదిత్య ఒంటరిగా చూసి ఉంటే

ఈ లెక్క భారత్‌కు దూరపు ముచ్చట కాదు. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సౌరపవనాన్నీ అయస్కాంత క్షేత్రాన్నీ కొలుస్తోంది. 2024 మే తుపాను దాని మీదుగానే భూమి మీదికి వచ్చింది. ఆ తుపాను అంత వింతగా ఎందుకు ప్రవర్తించిందన్న ప్రశ్నకు భారత శాస్త్రవేత్తలు ఆదిత్య కొలతలతో పాటు ఆరు అమెరికా ఉపగ్రహాల సమాచారాన్ని కలిపి చూశారు. సూర్యుడి నుంచి వెలువడిన రెండు భారీ ప్లాస్మా మేఘాలు దారిలో ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. ఒక మేఘం లోపలే అయస్కాంత బలరేఖలు తెగి తిరిగి అతుక్కున్నాయి. ఆ ప్రాంతం దాదాపు 13 లక్షల కిలోమీటర్ల మేర ఉందని, అంటే భూమికి సుమారు వంద రెట్లని, 2025 డిసెంబర్‌లో ఇస్రో ప్రకటించింది.

ఆదిత్య ఒక్కటే ఉంటే మేఘంలో ఏదో మెలి ఉందన్నంత వరకే తెలిసేది. దాని వెడల్పు ఎంతో చెప్పగలిగింది వేర్వేరు చోట్ల నిలబడ్డ ఏడు కళ్ల వల్లే. అయితే ఆ ఏడింటిలో ఆరు మనవి కావు.

దిశ ఎటు?

భారత్ ముందున్న ప్రశ్న ఇక్కడే ఉంది. ఐనోస్ఫియర్, దాని పైనున్న పలచటి వాతావరణాల అధ్యయనానికి జంట ఉపగ్రహాలు పంపాలన్న ‘దిశ’ ప్రతిపాదన మన దగ్గర ఏళ్లుగా ఉంది. ఒకటి ధ్రువాల వైపు దాకా వెళ్లే కక్ష్యలో, రెండోది భూమధ్యరేఖకు దగ్గరగా తిరిగే కక్ష్యలో ఉండాలన్నది ఆలోచన. తుపాను శక్తి ధ్రువాల దగ్గర లోపలికి దిగి, భూమధ్యరేఖ ఐనోస్ఫియర్‌ను ఎలా కదిలిస్తుందో ఒకే సమయంలో రెండు చోట్ల నుంచి చూడటమే దాని ఉద్దేశం. సరిగ్గా బారిడీహ్ ఆకాశానికి కావాల్సిన లెక్క అది.

విదేశాల సమాచారం ఉచితంగా దొరుకుతుంటే సొంత ఖర్చు ఎందుకన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. తైవాన్, అమెరికా కలిసి 2019లో పంపిన ఆరు ‘కాస్మిక్-2’ ఉపగ్రహాలు 24 డిగ్రీల వాలు కక్ష్యల్లో తిరుగుతూ మన ఆకాశం మీదుగా కూడా పోతున్నాయి. ఐరోపా ‘స్వార్మ్’ మూడు నౌకలు 2013 నుంచి పనిచేస్తున్నాయి. ఆ సమాచారాన్ని మన శాస్త్రవేత్తలు బాగానే వాడుకుంటున్నారు.

కానీ అరువు కళ్ల ఆయుష్షు మన చేతుల్లో ఉండదు. వాన్ ఆలెన్ ప్రోబ్‌ల పని 2019లో ముగిసింది. క్లస్టర్ నౌకల్లో సల్సా 2024 సెప్టెంబర్ 8న దక్షిణ పసిఫిక్ మీద వాతావరణంలోకి దిగి కాలిపోయింది. ఆ నెలతోనే క్లస్టర్ పరిశోధన కూడా ముగిసింది. థెమిస్ నౌకలు ఎగిరి రెండు దశాబ్దాలకు దగ్గరవుతోంది. 2025లో అమెరికా ప్రభుత్వం నాసా విజ్ఞాన పరిశోధనల నిధులను దాదాపు సగానికి కోయాలని ప్రతిపాదించింది. ఆ కోత ఏ మేరకు అమలైనా, ఒక దేశపు బడ్జెట్ చర్చలో మరో దేశపు అంతరిక్ష వాతావరణ సూచనలు ఇరుక్కోవడం మంచిది కాదని ఆ ప్రతిపాదన గుర్తుచేసింది. మరో సంగతి, ఏ ఉపగ్రహం ఏ వేళకు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది దాన్ని కట్టిన వాళ్లే. సాయంత్రం ఏడు గంటలకు గాదంకి నుంచి జంషెడ్‌పూర్ దాకా ఉన్న గీత మీద రెండు ఉపగ్రహాలు కావాలన్నది మన అవసరం. ఇతరులు మన కోసం వాటిని అక్కడ నిలపరు.

సామర్థ్యం లేదనడానికి వీల్లేదు. ఐరోపా జంట నౌకలు ‘ప్రోబా-3’ని 2024 డిసెంబర్ 5న శ్రీహరికోట నుంచి నింగికి చేర్చింది పీఎస్‌ఎల్‌వీయే. మరుసటి నెల, 2025 జనవరి 16న స్పేడెక్స్ ప్రయోగంలో ఇస్రో సొంతంగా రెండు ఉపగ్రహాలను కక్ష్యలోనే ఒకదానికొకటి కలిపింది. నేల మీద తుంబా, గాదంకి, కోల్‌కతాల్లో భూమధ్యరేఖ నుంచి శిఖరం దాకా పరిశోధన కేంద్రాలు ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు తరం నుంచి ఐనోస్ఫియర్ పరిశోధన సాగుతోంది. నింగిలో జంట కళ్లు చేరితే ఈ గొలుసు పూర్తవుతుంది.

ఆలస్యానికి ఒక ధర కూడా ఉంది. ప్రస్తుత సౌర చక్రం గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబర్‌లో నాసా, నోవా ప్రకటించాయి. గరిష్ఠం దాటాక వచ్చే దిగువ దశలోనే ఉపగ్రహాలకు చేటు చేసే ఎలక్ట్రాన్లు ఎక్కువగా పోగుపడతాయి. ఆ దశను చూసే అవకాశం ఇప్పటికే చేజారుతోంది. ఒక ఉపగ్రహం కాగితం మీద నుంచి కక్ష్యకు చేరడానికి ఏళ్లు పడుతుంది. చక్రం పొడవు దాదాపు 11 ఏళ్లు కాబట్టి తర్వాతి గరిష్ఠం 2030ల మధ్యలో రావచ్చు. దానికి సిద్ధంగా ఉండాలంటే నిర్ణయం ఈ ఒకటి రెండేళ్లలో జరగాలి. వచ్చే పెద్ద తుపాను కూడా తెల్లవారుజామునే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.